నల్ల కారు మీద ఆఖరి కోటింగు

మా ఆయన పోయి ఏడాది దాటింది. పరామర్శకొచ్చిన వాళ్ళందరూ ఆయన మంచితనం గురించి చెప్పి, టీ తాగి వెళ్ళారు. అబద్ధమెందుకు, నాకు ఆయన మంచితనం పెద్దగా గుర్తుకు రాదు. తిట్లు గుర్తొస్తాయి. పొద్దున కళ్ళు తెరిస్తే చాలు, "ఏమే, ఆ గిన్నె అట్టాగేనా కడిగేది?" అని మొదలెట్టేవాడు. ఇప్పుడు నేను గిన్నెలు ఎట్టా కడిగినా అడిగేవాళ్ళు లేరు. కడగబుద్ధే కావడం లేదు.

నరసరావుపేటలో కార్లకు రంగులు కొట్టేవాడు ఆయన. డెంటింగ్, పెయింటింగ్ షెడ్డులో పని. గుద్దుకుని వచ్చిన కార్లను తీర్చి, పుట్టీ పెట్టి, గీకి, గన్నుతో రంగు కొట్టి, కొత్తవాటిలా చేసి పంపించేవాళ్ళు. నేనేమో దూదేకులోళ్ళ పిల్లని. మా నాన్న రాజుపాలెం వైపు ఊళ్ళు తిరిగి దూది ఏకేవాడు, పరుపులు కుట్టేవాడు. మా పుట్టింట్లో తలుపు సందుల్లో, నీళ్ళ బిందెలో, మా అమ్మ కొంగులో, ఎక్కడ చూసినా దూది పీచే. రంగు కొట్టేవాడికి దూదిని మించిన పగ లేదు. తడి రంగు మీద ఒక్క పోగు వాలిందంటే ఆ బానెట్టు మొత్తం మళ్ళీ గీకాల్సిందే. మా ఇద్దరికీ సంబంధం కుదిర్చిన పెద్దమనిషికి ఈ సంగతి తట్టలేదేమో మరి!

పెళ్ళైన కొత్తల్లో ఓ రోజు క్యారియర్ తీసుకుని షెడ్డుకు వెళ్ళాను. కొత్త చీర కట్టుకుని, ముస్తాబై వెళ్ళాను కూడా. గేటు దగ్గరే ఆపేశాడు. "ఆగాగు! అక్కడే ఆగు! ఆ కొంగు రోడ్డు మీద దులుపుకో. మీ నాన్న పరుపుల కొట్టంతా నీ వొంటి మీదే ఉంది" అన్నాడు. షెడ్డులో పనిచేసేవాళ్ళంతా నవ్వారు. క్యారియర్ అక్కడ స్టూలు మీద పడేసి వెనక్కి తిరిగాను. దారంతా ఏడ్చుకుంటూ, ఈ మనిషితో జన్మంతా ఎట్టా వేగాలిరా దేవుడా అనుకుంటూ ఇంటికొచ్చాను. సాయంత్రం వచ్చి, క్యారియర్ మూత సరిగ్గా పెట్టలేదని ఇంకోసారి తిట్టాడు.

ఆయన దేన్నీ బాగుందనేవాడు కాదు. తను కొట్టిన కారు పక్కన కూడా వంగి, వెలుగులోకి చూసి, ఏదో ఒక వంక పట్టుకునేవాడు. చానా బాగా కుదిరితే "పర్లేదు" అనేవాడు. అదే ఆయన పెద్ద మెచ్చుకోలు. నా చేపల పులుసుకు ఆ పర్లేదు కూడా రాలా. బస్సులో మాచర్ల పోతుంటే కిటికీలోంచి ఎదురొచ్చే కార్లు చూస్తూ కూర్చునేవాడు. "చూడవే, ఆ తెల్లకారు వెనక డోరు తర్వాత కొట్టారు. షేడు కలవలా." నాకు ఆ కారే సరిగ్గా కనపడేది కాదు, ఇంక డోరేంది, షేడేంది! చదవడానికి అద్దాలు కావాలి గానీ దూరం చూపు మాత్రం ఆయనకి చివరిదాకా గద్ద చూపే.

షెడ్డులో ఆయనకో పద్ధతి ఉండేది. కొత్త షేడు కలిపినప్పుడల్లా మిగతా వాళ్ళు రేకు ముక్క మీద కొట్టి చూసేవాళ్ళు. ఈయన ఇనుప బొమ్మకారు మీద కొట్టేవాడు. చదునుగా ఉన్న రేకు మీద ఏ రంగైనా నిజం చెప్పదంట. వొంపు తిరిగిన చోటే దాని అసలు సంగతి బయటపడిద్దంట. అట్టా అరచేతంత కార్లు, మూరెడు కార్లు అల్మరా నిండా పోగేశాడు. మెరూన్, వెండి రంగు, నెమలి నీలం. కారు తెచ్చినవాళ్ళు వాటిని చూసి ఫలానాది కావాలని చెప్పేవాళ్ళు. ఆ చిన్నకార్ల మీద ఆయనకి పిచ్చి ప్రేమ. పని తగ్గిన రోజుల్లో వాటినే గీకి, మళ్ళీ మళ్ళీ కొట్టుకునేవాడు.

రోగం అదే గన్నులోంచి వచ్చింది. టూకే అని ఒక క్లియర్ ఉంటది. అద్దంలా మెరిసేది అదే. రంగు మీద చివరిగా కొట్టేది. గట్టిపడడానికి దాంట్లో హార్డనర్ కలుపుతారు. మాస్కు కట్టుకోమని చెబితే చేతిరుమాలు కట్టుకునేవాడు. అది కూడా చెమట పడుతుందని మధ్యలో తీసేసేవాడు. మొదట పిల్లికూతలు, తర్వాత మెట్లెక్కితే ఆయాసం, తర్వాత అన్నం తింటుంటే ఆయాసం. గుంటూరులో ఊపిరితిత్తుల డాక్టరు పరీక్షలన్నీ చూసి, "ఇంక మీరు రంగు వాసన ఉన్న చోటికి పోవద్దు. ముఖ్యంగా ఆ హార్డనర్ దగ్గరికి అసలు పోవద్దు. ఈ ఊపిరితిత్తులు మళ్ళీ మామూలుగా అవ్వవు, ఉన్నదాన్ని కాపాడుకోవడమే" అన్నాడు. మా ఆయన ఏమీ అడగలా. అడిగిందంతా నేనే.

షెడ్డు వాళ్ళు మంచోళ్ళే. ఆ చిన్నకార్లన్నీ గోనెసంచిలో వేసి ఇంటికి పంపించారు. ఆయన ఆ సంచి మూతి విప్పలా. మంచం కింద తోసేసి, గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఇంట్లోకి ఆక్సిజన్ మిషను వచ్చింది. పగలంతా దాని రొద. ఆయన మాత్రం మాట్లాడడం మానేశాడు. తిట్టడం కూడా మానేశాడు. ఓ పూట పప్పులో ఉప్పు మర్చిపోయాను. నేను తిన్నాక గానీ నాకు తెలియలా. ఆయన అప్పటికే మొత్తం తినేసి చెయ్యి కడుక్కున్నాడు. ఒక్క మాటన్లా. ఉప్పు లేని పప్పు తిని ఊరుకునే మనిషి కాదు మా ఆయన. మనిషి మంచం మీద ఉండగానే జారిపోతున్నాడని భయమేసింది. ఎట్టాగైనా సరే ఆయన చేత మళ్ళీ తిట్టించుకోవాలి అనుకున్నాను. వేరేవాళ్ళు భర్త బతకాలని ఏమేమి కోరుకుంటారో నాకు తెలియదు, నేను కోరుకుంది మాత్రం ఇదే.

మర్నాడు సంచి విప్పాను. అన్నిటికన్నా పెద్దది పాతకాలం గుండ్రటి టాక్సీకారు, మూరెడుంది. రంగు పెచ్చులూడి ఉంది. దాన్ని పట్టుకుని మంచం పక్కన కింద కూర్చుని, సంచిలోనే ఉన్న గరుకు కాగితం, వాటర్ పేపరు తీసి పొడిగా బరబరా గీకడం మొదలెట్టాను. తెలిసే చేశాను. ఆయన అది వినలేడని నాకు తెలుసు. కాసేపు ఓర్చుకున్నాడు. తర్వాత గోడవైపు నుంచే, "నీళ్ళలో ముంచవే. అది వాటర్ పేపరు. పేరులోనే నీళ్ళున్నాయి గదా, దరిద్రం" అన్నాడు. ఎంత సంతోషమేసిందో! వంటింట్లోకి పోయి నీళ్ళ గిన్నె తెచ్చే వంకన కళ్ళు తుడుచుకున్నాను.

అట్టా మొదలైంది. వాసన రాని నీళ్ళరంగులు ఉంటాయని ఫోన్లో చూసి సత్తెనపల్లిలో ఉంటున్న మా అమ్మాయి తెప్పించి పంపింది. పెన్ను లాంటి చిన్న గన్ను, దానికి గాలి కొట్టే చిన్న కంప్రెసర్ కూడా. వెనక గదిలో పొగ లాగే ఫ్యాను పక్కన నేను కొట్టేదాన్ని. ఆయన ముందు గదిలో ముక్కుకు పైపు పెట్టుకుని కూర్చుని వినేవాడు. చూడకుండానే తిట్టేవాడు, గన్ను సౌండు చాలు ఆయనకి. "చెయ్యి ఆగింది! ఆగితే రంగు కారుద్ది!" "కారు మీద గన్ను బటన్ నొక్కబాకే, గాల్లో మొదలుపెట్టి కారు దాటాక వదులు." "దగ్గరికి పోయావు, వెనక్కి రా." నేనక్కడి నుంచి, "నీ దిష్టి తగిలే కారుతుంది, కాసేపు నోర్మూసుకో" అని అరిచేదాన్ని. ఎదురింటి పిన్ని మా అరుపులు విని, "ఏందే, రోగిష్టి మనిషితో ఆ కేకలేంది?" అని మందలించేది. ఆ కేకల కోసమే ఇదంతా అని ఆమెకి ఎట్టా చెప్పేది?

కొట్టిన కారు మీద దుమ్ము వాలకుండా బిర్యానీ డేగిసా బోర్లించేదాన్ని. నా చీర పీచు రాలుతుందని నైలాను చీర కట్టి, దాన్ని కూడా తడిచేత్తో నిమిరి గదిలోకి పోయేదాన్ని. "దూదేకులదానివి, తడిపినా నీకు దూది పోదు" అనేవాడు. నిజంగానే పోదు, ఎక్కడి నుంచి వచ్చేదో గానీ ప్రతిసారీ ఒక పోగు ఉండేది. మళ్ళీ గీకడం, మళ్ళీ కొట్టడం. ప్రైమర్ వేసి గీకాలి, రంగు వేసి గీకాలి. ప్రతిసారీ ఇంకా మెత్తటి కాగితం. మొదట్లో విసుగొచ్చేది. తర్వాత్తర్వాత చేతికి ఆ నున్నదనం తెలియడం మొదలైంది. కళ్ళు మూసుకుని వేలు పెడితే ఎక్కడ గరుకుందో తెలిసేది. ఆయన జన్మంతా చేసిన పని ఇదా అనుకున్నాను. ఇన్నేళ్ళూ నేను దాని తిట్లే తిన్నాను గానీ దాని రుచి చూడలా.

ఒకసారి నల్లరంగు చక్కగా పరుచుకున్నట్టే కనిపించి, నా కళ్ళ ముందే చిన్న చిన్న గుంటలుగా విడిపోయింది. టాపు మీదా, బానెట్టు మీదా, ఎక్కడంటే అక్కడ. నేను అల్లా అని అరిచాను. డేగిసాలో పెట్టి తీసుకెళ్ళి చూపిస్తే ఒక్క చూపుకే పట్టేశాడు. "తలకి నూనె పెట్టుకున్నావా?" ఆదివారం కదా, తలంటుకుందామని పొద్దున్నే కొబ్బరినూనె దట్టంగా పట్టించాను. జడ ముడేసుకుని అదే చేత్తో కారు పట్టుకున్నాను. నూనె తగిలిన చోట రంగు నిలబడదంట. వాటిని షెడ్డులో చేప కళ్ళు అంటారంట. "నీకన్నా చేపలు నయం, అవి తలకి నూనె రాసుకోవు" అని నవ్వాడు. నవ్వుతుంటే దగ్గొచ్చింది, దగ్గి దగ్గి కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. నేను వీపు రాస్తూ కూర్చున్నాను. ఆ రోజు నుంచి ఆ కారు అయ్యేదాకా తలకి నూనె ముట్టుకోలా. జుట్టు పీచైపోయింది. భర్త ఆరోగ్యం కోసం ఏదో మొక్కుకుందని వీధిలో వాళ్ళు అనుకున్నారు. ఒకరకంగా మొక్కే.

చివరికి కారు నల్లగా, నున్నగా కుదిరింది. ఒక పోగు లేదు, గుంట లేదు. తీసుకెళ్ళి ఆయన ఒళ్ళో పెట్టాను. పర్లేదంటాడని ఆశ. అటూ ఇటూ తిప్పి చూసి, "పలకలా ఉంది" అన్నాడు.

"వాసన లేని రంగు ఇంతకన్నా మెరవదయ్యా."

"అందుకే టూకే క్లియర్ కొట్టు."

"నీకు చావాలని ఉందా?"

"ఒక్క కోటింగు, గాజులాంటిది చూడాలని ఉంది. ఈ పలకను చూస్తూ పోవాలా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. నిన్ను పడగొట్టిన దాన్నే మళ్ళీ ఇంట్లోకి తెమ్మంటావా, సిగ్గుందా అని నోటికొచ్చినట్టు అన్నాను. ఆయన కారు నా చేతిలో పెట్టేసి గోడవైపు తిరిగాడు. మళ్ళీ మాటలు పోయాయి. ఈసారి పొడిగా గీకినా తిట్టలా. కంప్రెసర్ ఊరికే ఆన్ చేసి గన్ను ఎట్టా పడితే అట్టా కొట్టాను. ఒక్క మాట రాలా. మిషను మీద గాలి పెంచాల్సి వచ్చింది. గుంటూరు తీసుకెళ్తే డాక్టరు నన్ను పక్కకు పిలిచి, ఇంట్లోనే ఉంచుకోండమ్మా, ఏం తినాలనుంటే అది పెట్టండి అన్నాడు. ఆ మాటకి అర్థం తెలియనంత పిచ్చిదాన్ని కాదు. ఇంటికి తిరిగొస్తూ, ఈయనకి తినాలనేం లేదు, చూడాలనుంది అనుకున్నాను.

ఎదురింటి పిన్ని దగ్గరికి పోయి సంగతి చెప్పాను. మా వీధి ఇరుకు. వాళ్ళ డాబా మీద నిలబడితే మా వరండాలో కూర్చున్న మనిషి కనపడతాడు, గట్టిగా మాట్లాడితే మాట కూడా వినపడిద్ది. వాసన మాత్రం ఇటు రాకూడదు. గాలి అవతలికి వీచే పూట చూసుకుని కొట్టాలి. ఆమె డాబా మీద మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. ఏమీ అడక్కుండా వాటిని గోతాల్లోకి ఎత్తింది. కారు అక్కడే కొడదామని ఇద్దరం కలిసి డాబా మీది మెట్లగది కడిగి, తడిగుడ్డ పెట్టాము.

కొడతానని చెప్పగానే మా ఆయన ఇటు తిరిగాడు. అబ్బ, ఎన్ని జాగ్రత్తలో! హార్డనర్ కొలిచే పోయాలి, కంటి అంచనా వద్దు. మొదటి చెయ్యి పల్చగా, మంచు పట్టినట్టు ఉండాలి, మెరవాలని ఆశపడకూడదు. అది కాస్త జిగురుబట్టాక రెండోది తడిగా. "భయపడితే గరుకు వచ్చిద్ది, ఆశపడితే కారుద్ది" అన్నాడు. మాట మాటకీ ఊపిరి తీసుకుంటూ చెప్పాడు. చివర్లో నా చెయ్యి పట్టుకుని, "పెద్ద మాస్కు కట్టుకో. ముక్కుకి రెండు పక్కలా గుండ్రటివి ఉంటాయే, అది. షెడ్డులో అడిగి తెచ్చుకో. నాలాగా రుమాలు కట్టుకుంటే ఊరుకోను" అన్నాడు. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆయన నా చెయ్యి ఊరికే పట్టుకోవడం నాకు గుర్తులేదు. వద్దులే, చెయ్యి వదులు, నాకు పనుంది అన్నాను.

పొద్దున్నే, ఎండ ముదరకముందే కొట్టాను. మాస్కు లోపల నా ఊపిరి నాకే పెద్దగా వినపడుతోంది. తప్పు చేస్తే అరిచేవాడు ఈసారి పక్కగదిలో లేడు. ఆయన చెప్పినట్టే పల్చగా ఒకటి వేశాను. ఆగాను. రెండోది తడిగా వేస్తుంటే, చూస్తుండగానే ఆ పలక కాస్తా గాజైపోయింది. నల్ల నీళ్ళ మీద నీళ్ళు పోసినట్టు కదిలి, పరుచుకుని, ఆగింది. నా మొహం అందులో కనపడింది. మాస్కుతో సహా. ఇంకొక్క కొసరు కొట్టాలనిపించింది. కొట్టాను. డేగిసా బోర్లించి బయటికొచ్చి మెట్ల మీద కూలబడ్డాను.

మధ్యాహ్నం దాటాక గట్టిపడింది. దాన్ని కింద చెక్కతో సహా పట్టుకుని పిట్టగోడ దగ్గరికి తెచ్చాను. వరండాలో ఆయన కుర్చీలో కూర్చుని ఉన్నాడు, ఆ రోజుకని సత్తెనపల్లి నుంచి వచ్చిన మా అమ్మాయి చొక్కా కూడా మార్చినట్టుంది. ఎండలోకి కారు ఎత్తి పట్టుకున్నాను. అప్పుడు చూశాను. వీధివైపు పక్క డోరు కింద, రంగు కారి, చుక్కగా గడ్డకట్టి ఉంది. వేలి గోరంత పొడుగు. ఆ కొసరు కోటింగు పుణ్యమే. మెట్లగది చీకట్లో కనపడలా గానీ ఎండలో మెరుస్తా ఉంది.

సరిగ్గా ఆ పక్కే ఆయనకి ఎదురుగా ఉంది. తిప్పేసి రెండో పక్క చూపించొచ్చు. తిప్పలా. నిజం చెప్పాలంటే నాకు లోపల సంతోషంగానే ఉంది. ఇప్పుడు చూస్తాడు, పట్టుకుంటాడు, వీధంతా వినపడేట్టు ఆశపోతుదానా అని తిడతాడు. నేను మళ్ళీ గీకుతాను, ఆయన మళ్ళీ చెప్తాడు, ఇంకొన్నాళ్ళు గడుస్తాయి. ఆ తిట్టు కోసం చెవులు రిక్కించి నిలబడ్డాను.

ఆయన కాస్త ముందుకు వంగాడు. చెయ్యెత్తి, కొంచెం వాలుగా పట్టమని సైగ చేశాడు. పట్టాను. చానాసేపు చూశాడు.

"బాగుందే" అన్నాడు.

నాకు అర్థం కాలా. "ఏందీ?"

"బాగుంది."

"ఏమయ్యా, సరిగ్గా చూడు. డోరు కింద కారింది. కనపడలా?"

"కనపడింది" అన్నాడు.

"మరి?"

"ఉండనీలే."

నేను గోడ మీదికి వంగి అరిచాను. "ఉండనీయడమేంది? గీకుతానయ్యా, రేపు మళ్ళీ కొడతాను, ఎట్టా గీకాలో చెప్పు, ఏ కాగితం తీసుకోవాలో చెప్పు!" ఆయన వద్దన్నట్టు చెయ్యి ఊపి, నన్ను చూసి నవ్వి, కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నాడు. కారు ఇంకా నా చేతుల్లోనే ఎత్తిపట్టి ఉంది. ఆయన మళ్ళీ దానివైపు చూడలా.

పిన్ని మెట్లెక్కి వచ్చింది. నన్ను చూసి కంగారుపడి, "ఏందమ్మా, ఏమైంది? ఏమన్నాడు?" అని భుజం పట్టుకుంది.

"బాగుందన్నాడు పిన్నీ" అని ఏడ్చాను.